ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి మౌంట్ ఐసాకి ఎంత దూరం?

యాంకర్: నమస్కారం, చెప్పండి. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

కాలర్: ఖమ్మం నుంచండీ. మా అమ్మాయి ఆస్ట్రేలియాలో నర్సు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉంటుంది. ఇప్పుడు మౌంట్ ఐసాలో ఉద్యోగం వచ్చింది. నెట్‌లో కొడితే 665 కిలోమీటర్లు, విమానంలో గంటన్నర అని చూపించింది. హైదరాబాద్ నుంచి వైజాగ్ అంతే కదా, కారులో ఒక్క రోజులో వెళ్లిపోవచ్చని నేనన్నాను. అల్లుడుగారు కుదరదంటున్నారు.

సలహాదారు: అల్లుడుగారు చెప్పిందే నిజమండీ. మీకు కనిపించింది ఆకాశంలో గీత గీస్తే వచ్చే దూరం. అడ్డంగా ప్లెంటీ హైవే అని ఒకటుంది గానీ చాలాదూరం మట్టిదారి, మామూలు కారుతో వద్దు. మంచి రోడ్డు కావాలంటే స్టువర్ట్ హైవే మీద ఉత్తరానికి 530 కిలోమీటర్లు త్రీవేస్ అనే కూడలి దాకా వెళ్లి, అక్కడ తూర్పుకు తిరిగి బార్క్‌లీ హైవే ఎక్కాలి. అంతా కలిపి దాదాపు 1,170.

కాలర్: అమ్మో! పోనీ విమానంలో పంపిద్దామా?

సలహాదారు: ఆ గంటన్నర కూడా దూరాన్ని వేగంతో భాగించి చెప్పిన లెక్కే. ఆ రోజు నేరుగా విమానం ఉందో లేదో ఆ లెక్కకు తెలియదు. ముందు ఎయిర్‌లైన్ సైట్‌లో చూడమనండి. లేకపోతే బ్రిస్బేన్ తిరిగి రావాలి. అంటే 665 కోసం 3,500 కిలోమీటర్లు ఎగరాలి. రోజంతా పోతుంది.

కాలర్: సామాను కూడా ఉందండీ. కారే నయం అంటున్నారు.

సలహాదారు: అయితే రెండు రోజులు పెట్టుకోమనండి. మొదటి రాత్రి త్రీవేస్‌కు కాస్త ముందొచ్చే టెన్నంట్ క్రీక్ అనే ఊళ్లో ఆగాలి. రెండో రోజు జాగ్రత్త. మన వైజాగ్ రోడ్డు మీద అడుగడుగునా టీ కొట్టు ఉంటుంది. అక్కడ బార్క్‌లీ హోమ్‌స్టెడ్ అనే దారిపక్క బంకు దాటితే కామోవీల్ ఊరి దాకా 260 కిలోమీటర్లు పెట్రోల్ బంకు ఉండదు. హోమ్‌స్టెడ్‌లో ట్యాంకు సగం ఉన్నా సరే, ఫుల్ చేయించాల్సిందే. నీళ్ల క్యాన్లు కారులోనే ఉండాలి. 50 మీటర్లకు పైగా పొడవుండే రోడ్ ట్రైన్ లారీలు ఎదురొస్తాయి, వాటిని తొందరపడి దాటకూడదు. పొద్దుగూకితే కంగారూలు, పశువులు రోడ్డెక్కుతాయి. చీకట్లో నడపనే వద్దు.

యాంకర్: వానాకాలం సంగతి?

సలహాదారు: నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వరదలకు రోడ్డు మూసేయవచ్చు. బయల్దేరే రోజు పొద్దున్నే రోడ్డు సమాచారం చూసుకోవాలి.

కాలర్: దారిలో ఫోన్ కలుస్తుందా అండీ? వాళ్లమ్మ టెన్షన్ పడుతుంది.

సలహాదారు: ఊరు దాటితే చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. అందుకే టెన్నంట్ క్రీక్‌లో బయల్దేరేటప్పుడు ఒకటి, చేరాక ఒకటి, రెండే ఫోన్లని ముందే అనుకోండి. మౌంట్ ఐసా ఉండే క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోకి వెళ్లగానే గడియారం అరగంట ముందుకు జరుగుతుంది. పొద్దున ఏడుకి బయల్దేరితే, ఆగుతూ వెళ్లినా అక్కడి టైమ్ నాలుగున్నరకల్లా చేరతారు. మనకప్పుడు మధ్యాహ్నం పన్నెండు.

కాలర్: సరేనండీ. పన్నెండు దాకా కంగారు పడొద్దని వాళ్లమ్మకి ఇప్పుడే చెప్తా.