100 మిల్లీబార్ల పైన

(ప్రపంచ వాతావరణ దినోత్సవం సందర్భంగా ఒక డిగ్రీ కళాశాలలో చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికీ, అధ్యాపకులకూ, పిల్లలకూ నమస్కారం. మార్చి 23 కాబట్టి నన్ను పిలిచారు. తుఫానుల గురించి చెప్పమన్నారు. వాటి గురించి టీవీలో రోజూ చెబుతూనే ఉన్నారు, ఉన్నవీ లేనివీ కలిపి. నేను తుఫానుకు పైన ఉండే గాలి గురించి చెబుతాను. ప్రిన్సిపాల్ గారు ఏమీ అనుకోవద్దు.

నా ఉద్యోగమంతా బెలూన్లు వదలడమే. తెల్లవారకముందే షెడ్డులో హైడ్రోజన్ నింపి, రేడియోసాండ్ పెట్టె, అంటే పైన గాలిని కొలిచి రేడియోలో కిందికి చెప్పే పెట్టె, కట్టి వదిలేవాళ్లం. సాయంత్రం మళ్లీ ఇంకొకటి. నైలాన్ చొక్కాతో వస్తే షెడ్డులోకి రానిచ్చేవాళ్లు కాదు, నిప్పురవ్వ భయం. మంచి బెలూన్ అయితే 30 కిలోమీటర్ల దాకా పోయి పగిలేది. కానీ 16 కిలోమీటర్లు, అంటే మా లెక్కలో గాలి ఒత్తిడి 100 మిల్లీబార్లకు తగ్గే ఎత్తు, దాటిందంటే మా పైఅధికారి ఒకాయనకు ఓపిక అయిపోయేది. "వాన కింద, తుఫాను కింద. ఆ పైన ఏముందయ్యా, ఆపెయ్" అనేవారు. ఆపితే తొందరగా ఇంటికి పోవచ్చు, నిజమే. అయినా నాకు ఒళ్లు మండేది. ఆయనకు అప్పుడు చెప్పలేని జవాబు ఇవాళ మీకు చెబుతున్నాను.

1883 ఆగస్టులో క్రాకటోవా అగ్నిపర్వతం పేలింది. దాని ధూళి భూమధ్యరేఖ వెంబడి పడమరకు కొట్టుకుపోయి, రెండు వారాల్లో భూమిని చుట్టేసింది. అంటే పైన ఉన్నది తూర్పు గాలి, తూర్పు నుంచి వీచేది. 1908లో బెర్సన్ అనే జర్మన్ ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు దగ్గర బెలూన్లు వదిలితే పడమటి గాలి కనిపించింది. ఇద్దరిలో ఎవరిది నిజం? ఇద్దరిదీ. ఈ సంగతి తేలడానికి అర్ధశతాబ్దం పట్టింది.

తేల్చింది ఎవరు? పేర్లు చెప్పమంటే 1960, 61లలో అమెరికాలో రిచర్డ్ రీడ్ బృందం, ఇంగ్లండ్‌లో వెరియార్డ్, ఎబ్డన్ అని చెబుతారు. కాదనను. కానీ వాళ్ల బల్ల మీదికి అంకెలు ఎక్కడివి? పసిఫిక్ మధ్యలో కాంటన్ అనే చిన్న పగడపు దీవిలో మాలాంటివాళ్లు రోజూ వదిలిన బెలూన్లవి. ఆ పైన ఏముందిలే అని వాళ్లు ఆపి ఉంటే ఈ గాలి సంగతి ఇంకెన్నాళ్లకు తెలిసేదో. 1967లో కాంటన్ మూతపడితే మాల్దీవుల్లోని గాన్, 1976 నుంచి సింగపూర్. అలా అతికిన ఒకే వరుస లెక్క 1953 నుంచి ఇప్పటిదాకా ఉంది. ఆ బెలూన్లు వదిలినవాళ్ల పేర్లు మీకెవరికైనా తెలుసా? నాకూ తెలియదు.

సరే, ఆ లెక్క ఏం చెబుతుంది? భూమధ్యరేఖ పైన, 16 నుంచి 50 కిలోమీటర్ల మధ్య కొన్నాళ్లు తూర్పు గాలి, కొన్నాళ్లు పడమటి గాలి. ఒక చుట్టు సగటున 28 నెలలు. ఏడాదీ కాదు, రెండేళ్లూ కాదు. సూర్యుడికి ఇలాంటి లెక్క లేదే! మరి దీన్ని తిప్పేది ఏది?

కింద ఉన్న మేఘాలు. ఉష్ణమండలంలో ఉరుముల మేఘం లేచినప్పుడల్లా గాలిలో అలలు పుట్టి పైకి పోతాయి. కొన్ని తూర్పుకు నడుస్తాయి, కొన్ని పడమరకు. వాటిలో పెద్దవాటిని 1966లోనే జపాన్‌లో మత్సునో కాగితం మీద లెక్కగట్టాడు. 1968లో లిండ్జెన్, హోల్టన్ అసలు కిటుకు చెప్పారు. రన్నింగ్ బస్సు ఎక్కేవాణ్ణి చూశారుగా, ఎక్కమనడం లేదు! బస్సు పోయే వైపే, దాదాపు దాని వేగంతో పరిగెత్తితేనే కడ్డీ అందుతుంది. ఎదురొచ్చేవాడికి అందదు, దాటిపోతాడు. తూర్పుకు నడిచే అల పైకి పోతూ పోతూ, తూర్పుకే వీచే గాలి, అంటే పడమటి గాలి, తగిలి ఇద్దరి వేగం ఒకటయ్యే చోట విరిగిపోతుంది. తన తోపుడంతా ఆ గాలికి ఇచ్చేస్తుంది. అల వచ్చేది కింది నుంచి కాబట్టి గాలిపొర అడుగుభాగం బలపడుతుంది. తర్వాతి అల ఇంకాస్త కిందే ఆగుతుంది. అలా ఆ పొర నెలకు సుమారు కిలోమీటరు చొప్పున దిగుతుంది. ఈలోగా పడమరకు నడిచే అలలు దాన్ని దాటి పైకి పోయి, అక్కడ ఎదురు గాలిని మొదలుపెడతాయి. తర్వాత వాటి వంతు.

నమ్మకం కలగకపోతే ప్లంబ్, మెక్‌ఇవాన్ 1978లో ఆస్ట్రేలియాలో చేసింది వినండి. గుండ్రటి తొట్టిలో ఉప్పునీళ్లు పోసి, అడుగున పొరను పైకీ కిందికీ ఆడించారు. ఎటూ తోయలేదు. నీళ్లు తమంతట తామే ఒకవైపు తిరిగాయి, కాసేపటికి రెండోవైపు తిరిగాయి!

చీటీ వచ్చింది, టైమ్ అయిపోతోందట. అయినా ఇది చెప్పాలి. దిగేది గాలిపొర, గాలి కాదు. ఉష్ణమండలం మీద ఆ ఎత్తులో గాలి నెమ్మదిగా పైకే పోతోంది, రోజుకు పాతిక మీటర్లు అటూ ఇటూగా. దాన్ని లాగేవి కూడా అలలే, చలిదేశాల పైన విరిగే పెద్ద అలలు. 1949లో బ్రూవర్ నీటి ఆవిరి లెక్కలతో ఈ ప్రవాహాన్ని పట్టుకున్నాడు. మన నెత్తి మీద తయారైన ఓజోన్ ధ్రువాల వైపు చేరేది ఈ దారినే. ఇప్పుడు చెప్పండి, ఆ పైన ఏమీ లేదా?

2016 ఫిబ్రవరిలో ఈ చక్రం తప్పింది. పడమటి గాలి నడుమ, 23 కిలోమీటర్ల దగ్గర, ఉన్నట్టుండి తూర్పు గాలి దూరింది. లెక్క మొదలైన 1953 నుంచి ఎప్పుడూ అలా జరగలేదు. ఏ కంప్యూటరూ ముందు చెప్పలేదు. ఉత్తరం నుంచి వచ్చిన అలల పని అని తర్వాత తేల్చారు. తప్పిందని తెలిసింది మాత్రం మళ్లీ బెలూన్ల లెక్క వల్లే. 2019 చివర్లో మళ్లీ తప్పింది.

పిల్లలూ, తిరుపతి దగ్గర గాదంకిలో 1024 యాంటెన్నాలతో ఈ అలలను చూసే రాడార్ ఉంది. మీ సార్లను అడిగి వెళ్లి చూడండి. ఇంకొక్క మాట. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో ఒక పెద్ద గోళం దిగితే గ్రహాంతరవాసులంటూ గోల గోల అయింది. అది హైదరాబాద్ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరింది. అలాంటిదేదైనా మీ చేలో పడితే పగలగొట్టకండి, దారాలు తెంపకండి. దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌కు చెప్పండి. మా చిన్న రేడియోసాండ్ పెట్టె దొరికితే దాని పని అయిపోయినట్టే. అది మీ ఫిజిక్స్ ల్యాబ్‌లో పెట్టుకోండి.