కాలేజీ సంగతి చివరి సెక్షన్ పిల్లల్ని అడగండి

(జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పూర్వ విద్యార్థుల సమ్మేళనం, పదో తరగతి వీడ్కోలు సభ కలిపి జరిగిన రోజున చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న హెచ్‌ఎం గారికి, మాకు పాఠాలు చెప్పి రిటైరై ఇవాళ ఇంత ఎండలో మా కోసం వచ్చిన సార్లకు, టీచర్లకు, ఊరి పెద్దలకు, షామియానా వేయించి పొద్దుటి నుంచీ కుర్చీలు మోస్తున్న సీనియర్ బ్యాచ్ అన్నలకు, వంట చేస్తున్న అక్కలకు, మగ్గం ఆపుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. ఇంకా చాలా పేర్లు చెప్పాలి. కానీ ముందు వరుసల్లో కూర్చున్న ఈ పిల్లలకు మధ్యాహ్నం స్పెషల్ క్లాస్ ఉందట, అందుకని మిగతా పెద్దలందరూ తమ పేరూ చెప్పినట్టే అనుకోవాలని కోరుతున్నాను.

కార్డులో నా పేరు పక్కన ‘చదువు విలువ’ అని వేశారు. మన ఊళ్లో ఆ ముక్క నేను చెప్పాలా? గుంత మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుని, నడుము పట్టేసినా బిడ్డను మాత్రం బడి మాన్పించని వాళ్లు మీరు. ఇంత దూరం వచ్చాక నేను మాట్లాడాలనుకున్నది మాట్లాడకుండా పోలేను, సార్ మన్నించాలి. పరీక్షలైపోయాక ఈ పిల్లలు ఎక్కడికి పోతారు, ఎవరు చెబితే పోతారు అన్నదే నా బాధ.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒకసారి చేతులెత్తండి. మీలో ఎవరింటికి ఇప్పటికే కాలేజీ వాళ్ల ఫోన్ వచ్చింది? దించకండి, వెనకవాళ్లు కూడా చూడాలి. చూశారా సార్, సగానికి పైనే. నోటిఫికేషన్ రాకముందు అడ్మిషన్లు చేసుకోకూడదని ఇంటర్మీడియట్ బోర్డు ఏటా చెబుతూనే ఉంటుంది. ఇక్కడేమో పదో తరగతి పరీక్షలు కూడా కాలేదు, సీటు బుక్ చేసుకోమని ఫోన్లు. ఈ నంబర్లు వాళ్ల చేతికి ఎట్లా పోతున్నాయో కనుక్కోవాలని హెచ్‌ఎం గారిని అందరి ముందే అడుగుతున్నాను.

నేను 2005లో ఇదే బడిలో పది పాసయ్యాను. రిజల్ట్ రాకముందే మా ఇంటికి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ పీఆర్వో, అంటే పిల్లల్ని చేర్పించుకునే మనిషి, వచ్చాడు. ఆయన్ని నేను తిట్టను. పీఆర్వోగా ఇంటింటికీ తిరిగేవాళ్లలో చాలామంది ఆ కాలేజీలో పాఠం చెప్పే లెక్చరర్లే. ఎండాకాలంలో ఇంతమందిని చేర్పించాలని టార్గెట్ పెడతారు, చేర్పించకపోతే జీతం దగ్గర ఇబ్బంది. ఆయన మా అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, రంగురంగుల పాంప్లెట్ తీశాడు. అందులో ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలు. దాన్ని వెనక్కి తిప్పి పెన్నుతో ఫీజు రాసి, కొట్టేసి, కింద తగ్గించి ఇంకోటి రాసి, ‘మీ వాడు తెలివైనవాడు కాబట్టి మీకు మాత్రమే’ అన్నాడు. మా నాయినకు చదవడం రాదు. ఆ కొట్టేసిన అంకెను వేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. మర్నాడు పోయి, తాను నేసి పెట్టే సేటు దగ్గర చీరల మీద అడ్వాన్స్ తెచ్చాడు. ఆ అడ్వాన్స్ తీరేదాకా ఆయన ఇంకో సేటుకు నేయడానికి లేదు, కూలి పెంచమని అడగడానికీ లేదు. ఆ సంగతి మీ అందరికీ తెలిసిందే, నేను కొత్తగా చెప్పేదేం లేదు.

చేరిన నెలకే ఒక పరీక్ష పెట్టి మమ్మల్ని సెక్షన్లుగా విడగొట్టారు. పీఆర్వో పేర్లు చెప్పిన లెక్చరర్లంతా మొదటి సెక్షన్‌కే. మాకు చెప్పడానికి అప్పుడే డిగ్రీ అయిపోయిన ఒక సారును పంపారు. పాపం ఆయన రాత్రంతా చదువుకుని వచ్చి చెప్పేవాడు. నాకు ఆలస్యంగా తెలిసిన విషయం ఒకటుంది, తల్లిదండ్రులు బాగా వినాలి. ఆ మొదటి సెక్షన్లో చాలామందికి ఫీజు లేదు. మంచి మార్కులు వచ్చినవాళ్లను ఊరూరా వెతికి ఉచితంగా తెచ్చుకుంటారు, ఎందుకంటే వచ్చే ఏడాది పాంప్లెట్ మీదికి వాళ్ల ఫోటోలే కావాలి. వాళ్ల తిండి, వాళ్ల పుస్తకాలు, వాళ్లకు చెప్పే పెద్ద లెక్చరర్ జీతం మా నాయిన లాంటివాళ్లు కట్టిన డబ్బులోంచే వస్తాయి. మీరు పాంప్లెట్‌లో చూసేది ఫీజు కట్టని పిల్లాడిని. మీ పిల్లాడు కూర్చోబోయే గది ఆ పాంప్లెట్‌లో ఎక్కడా ఉండదు.

ఇంకో సంగతి. పాంప్లెట్‌లో ల్యాబ్ ఫోటో ఉంది. నేను వెర్నియర్ కాలిపర్స్ పట్టుకున్నది సెకండియర్ ప్రాక్టికల్ పరీక్షలకు వారం ముందు. ఫిజిక్స్‌కు 30, కెమిస్ట్రీకి 30 మార్కులున్న ప్రాక్టికల్స్‌కు రికార్డులు చూసి రాసుకోవడం తప్ప ఏడాదంతా మేం చేసిందేం లేదు. హాల్ టికెట్ వచ్చాక చూస్తే దాని మీద నేను ఎప్పుడూ వినని కాలేజీ పేరు. చదివింది ఒక బిల్డింగులో, బోర్డు లెక్కల్లో మేమున్నది ఇంకో కాలేజీలో. ఇప్పటికీ అడ్మిషన్ తీసుకునేటప్పుడు ‘హాల్ టికెట్ ఏ కాలేజీ పేరు మీద వస్తుంది’ అని అడిగే తల్లిదండ్రులు పది మందిలో ఒక్కరు కూడా ఉండరు. అడగండి. అడిగితే ఎదుటివాడి మొహం చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇది చెప్పకూడదనుకున్నాను, కానీ మా నాయిన ఇవాళ లేడు, ఈ బడి అరుగు మీద తప్ప నేను ఇంకెక్కడ చెప్పను. నెలకోసారి ఆదివారం తల్లిదండ్రుల్ని కలవనిచ్చేవాళ్లు. సంక్రాంతికి ముందు ఒక ఆదివారం నాయిన వచ్చాడు. అమ్మ సకినాలు చేసి స్టీలు డబ్బాలో పెట్టి పంపింది. రెండో విడత ఫీజు బాకీ ఉందని గేటు దగ్గరే ఆపేశారు. రసీదు చూపించిన వాళ్లనే లోపలికి వదులుతున్నారు. నేను రెండో అంతస్తు వరండాలో ఇనప గ్రిల్ పట్టుకుని చూస్తున్నాను. నాయిన వాచ్‌మన్‌కు దండం పెడుతున్నాడు. వాచ్‌మన్ నా తండ్రి వయసువాడే, ఆయనేం చేస్తాడు, ఆఫీసు వైపు చెయ్యి చూపిస్తున్నాడు. ఫ్లోర్ ఇన్‌ఛార్జి వచ్చి స్టడీ అవర్ అని మమ్మల్ని లోపలికి తోలాడు. సకినాల డబ్బా సాయంత్రం నా గదికి వచ్చింది, నాయిన మాత్రం నన్ను చూడకుండానే తిరిగి బస్సెక్కాడు. ఇంటికి ఫోన్ చేద్దామంటే కాయిన్ బాక్స్ దగ్గర క్యూ, నా వంతు వచ్చేసరికి బెల్లు. ఇన్నేళ్లయినా ఆ కాలేజీ ముందు నుంచి బస్సు పోతుంటే నేను అటు చూడను. కడుపు మండుతుంది. పిల్లాడు లోపల, తండ్రి బయట, మధ్యలో రసీదు. అది బడి ఎట్లా అవుతుంది? మీరే చెప్పండి. తల్లీ, అట్లా తల దించుకోకు, మీ నాన్నకు ఇలాంటి రోజు రాకూడదనే ఇదంతా చెబుతున్నాను.

సరే, ముందుకు పోదాం. అప్పట్లోనే నాతో కలిసి తిరిగిన ఒకడు చిన్న తరగతిలోనే ఎంట్రన్స్ రాసి ఇక్కడికి దగ్గరలోని సర్వేల్ గురుకులానికి పోయాడు. 1971 నవంబరులో, పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా, రాష్ట్రంలో మొట్టమొదటి గురుకులం అక్కడే మొదలైంది. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. ఆయనే కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు 1986 విద్యా విధానంతో నవోదయలు దేశమంతా వ్యాపించాయి. తెలంగాణ డీజీపీగా చేసిన మహేందర్ రెడ్డి గారు సర్వేల్‌లోనే చదివారు. ఆ పేరు గొప్పదే, అయినా నన్ను కదిలించింది అది కాదు. సెలవులకు వచ్చినప్పుడు మావాడు ‘మా సార్లు క్యాంపస్‌లోనే ఉంటారు, రాత్రి అర్థం కాకపోతే పోయి అడుగుతాం’ అనేవాడు. వాడు క్లాసులో మొదటివాడేం కాదు, మధ్యలో ఎక్కడో ఉండేవాడు. మధ్యలో ఉన్నవాడు కూడా వెళ్లి అడగగలిగాడు, అదీ నాకు కావలసిన సాక్ష్యం.

అయితే సర్కారుదైతే చాలు, కళ్లు మూసుకుని చేర్పించండి అని నేననడం లేదు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు. పదో తరగతి మార్కులతోనే సీటు, ఆరేళ్ల చదువు, ప్రభుత్వ బడి పిల్లలకు గ్రేడు పాయింట్లకు 0.4 కలుపుతూ వచ్చారు. మనలాంటి ఊళ్ల నుంచి పోయిన పిల్లలు ఎంతోమంది బాగుపడ్డారు. అదే బాసరలో 2022 జూన్‌లో వేలమంది పిల్లలు భోజనం, వసతుల కోసం వానలో కూడా లేవకుండా రోజుల తరబడి కూర్చున్నారు. కాబట్టి అక్కడికి పోయే ముందు కూడా అక్కడ చదువుతున్న పిల్లల్ని అడగాల్సిందే, ‘అన్నం ఎట్లా ఉంది, నీళ్లు వస్తున్నాయా, జ్వరమొస్తే ఎవరు చూస్తారు’ అని. మండల కేంద్రంలోని జూనియర్ కాలేజీకి పోయినా లెక్చరర్ పోస్టులు ఎన్ని నిండాయో, ల్యాబ్ తాళం తీస్తున్నారో లేదో చూసుకోండి. ఫీజు లేదు కదా, ఏదో ఒకటిలే అనుకోవద్దు. పిల్లల రెండేళ్లు పోతాయి.

ఎంపీసీ, బైపీసీ తప్ప దారి లేదని కూడా అనుకోకండి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్లు చదివితే డిప్లొమా వస్తుంది, తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. చేతి పని మీద ఇష్టమున్న పిల్లలు మన ఊళ్లో చాలామంది. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు బడి మధ్యలోనే ఆపేసి, నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పే ఆసు పనితో అమ్మకు వచ్చే భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మా అమ్మ భుజం కూడా ఆసు పోసీ పోసీ పైకి లేచేది కాదు. ఆ యంత్రం మన ఇళ్లకు వచ్చిన రోజు ఆడవాళ్లు ఎంత సంతోషపడ్డారో ఇక్కడున్న పెద్దమ్మలను అడగండి. అంత బుర్ర ఉన్న మనిషికి పదమూడు పద్నాలుగేళ్ల వయసులో దగ్గర్లో ఒక మంచి టెక్నికల్ బడి ఉండి ఉంటే ఇంకెన్ని చేసేవారో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. కొడుకును అప్పు చేసి హైదరాబాద్ పంపి, బిడ్డను మాత్రం ‘బస్సు దగ్గరుంది’ అని దొరికిన కాలేజీలో వేస్తున్నాం. ఇవాళ ఈ బడిలో మొదటి మార్కులు ఎవరివో హెచ్‌ఎం గారి రిజిస్టర్ చూడండి. గురుకుల బడిలో చదివిన మాలావత్ పూర్ణ 2014లో పద్నాలుగేళ్లు కూడా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కింది. మన ఆడపిల్లలకు గురుకుల జూనియర్ కాలేజీల టీజీఆర్‌జేసీ ఎంట్రన్స్ అప్లికేషన్ పెట్టించడానికి మనకేం అడ్డం?

ఇంకొకటి చెప్పాలి, గొంతు పట్టేస్తోంది, అయినా చెప్పాలి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? తెలుగులో సున్నా అని చూపించిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99. ఫలితాలు వచ్చిన ఆ కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అమ్మా, అయ్యా, రిజల్ట్ వచ్చే రోజు మగ్గం ఆపి ఇంట్లో ఉండండి, పిల్లల పక్కన ఉండండి. హాస్టల్ నుంచి ఫోన్ చేసి ‘ఇక్కడ ఉండలేను’ అంటే, ‘సర్దుకో, డబ్బులు కట్టాం’ అనే ముందు బస్సెక్కి పోయి చూసి రండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు కూడా ఆ మాట చెప్పడానికి భయపడకండి. ఇంట్లో చెప్పలేకపోతే మన సార్లకు చెప్పండి, నాకు చెప్పండి.

టైమైందని అన్న చేయి ఊపుతున్నాడు, రెండు నిమిషాలు. మేం పాత విద్యార్థులం రాత్రి కూర్చుని ఒక నిర్ణయం చేసుకున్నాం, హెచ్‌ఎం గారు ఒప్పుకున్నారు. మీ చివరి పరీక్ష అయిపోయిన తర్వాత వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఈ వరండాలోనే మేం కూర్చుంటాం. సర్వేల్‌లో చదివినవాళ్లు, బాసరలో చదువుతున్నవాళ్లు, పాలిటెక్నిక్, ఐటీఐ చేసినవాళ్లు, మండలం కాలేజీ పిల్లలు, హైదరాబాద్ హాస్టళ్లలో ఉన్నవాళ్లు అందరూ వస్తారు. ర్యాంకు వచ్చినవాళ్లతో పాటు రానివాళ్లను, మధ్యలో మానేసి వచ్చినవాళ్లను కూడా పిలిచాం. మీరు చేరాలనుకునే కాలేజీలో చదివినవాళ్లు మాలో ఎవరూ లేకపోతే పేరు చెప్పండి, అక్కడ చివరి సెక్షన్లో ఉన్న పిల్లాడినో పిల్లనో వెతికి ఫోన్లో మాట్లాడిస్తాం. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి, ఒరిజినల్ మెమో, టీసీ ఎవరి చేతిలోనూ పెట్టకండి. తల్లులు తప్పకుండా రావాలి. ఇవాళ భోజనాలయ్యాక పేర్లు తెలుగు టీచర్ గారి దగ్గర రాయించుకుని పోండి, పుస్తకం ఆమె దగ్గరే ఉంది.