సంచులు నింపితే నాలా బాగుపడుతుందా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం మన అతిథి హుస్సేన్‌సాగర్ అలుగు నాలా వెంట స్వచ్ఛందంగా పనిచేసే బృందంలో ఒకరు. లెక్కలు చెప్పి ఉద్యోగ విరమణ చేశారు. పేటలో అందరికీ టీచర్ గారే, నాకూ టీచర్ గారే. నమస్కారమండీ. తెలియనివాళ్ల కోసం ముందుగా, ఈ నాలా ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుంది?

టీచర్: చెరువు నిండితే నీళ్లకు దారి కావాలి కదా బాబూ. హుస్సేన్‌సాగర్ నిండు మట్టం 513.41 మీటర్లు. వానాకాలంలో పత్రికలన్నీ అచ్చువేసే అంకె అది. దాని మీద పొంగిన నీళ్లు అలుగు దాటి లోయర్ ట్యాంక్‌బండ్ వైపు దిగుతాయి. అశోక్‌నగర్, దోమల్‌గూడ, నల్లకుంట, గోల్నాక మీదుగా పోయి మూసీలో పడతాయి.

వ్యాఖ్యాత: కానీ నడి ఎండాకాలంలోనూ పారుతూనే ఉంటుంది.

టీచర్: ఆ ప్రశ్న ఎవరూ వేయరు! ఏప్రిల్‌లో చినుకు ఉండదు, వరద కాలువలో నీళ్లు మాత్రం ఉంటాయి. అవి మన ఇళ్ల నీళ్లే. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపిస్తే, వరదను ఆపే పథకంతో పాటు నగరానికి మురుగు పారుదల పథకమూ వేసి ఇచ్చారు. వాన నీటి దారి వేరు, మురుగు దారి వేరు అన్నది అంత పాత మాట. ఊరు పెరిగింది, పైపులు చాలలేదు. చాలినచోట కూడా కొందరు దగ్గరి దారి అని నాలాలోకే తిప్పారు. అందుకే ఆదివారం పొద్దున నాలుగు సంచుల ప్లాస్టిక్ ఏరి, ఫొటో దిగి వెళ్లిపోయే కార్యక్రమం మీద నాకు పెద్ద గౌరవం లేదు.

వ్యాఖ్యాత: అయ్యో, మన శ్రోతల్లో చాలామంది చేసేది అదేనండీ.

టీచర్: చేయవద్దని కాదు. ఏరిన చెత్తను పారబోసే ముందు ఒకసారి పట్టా మీద పరిచి చూడమంటాను. మా దగ్గర ఏమి తేలాయో తెలుసా? పాల కవర్లు, షాంపూ పొట్లాలు, దేవుడికి పెట్టి తీసిన పూల సంచులు ఒక రకం. అవి గోడ అవతలి ఇళ్లవి. దూది బయటికి వచ్చిన పరుపులు, థర్మోకోల్, పడగొట్టిన ఇళ్ల శిథిలాలు ఇంకో రకం. అవి రాత్రిపూట ట్రాలీ ఆటోల్లో వస్తాయి. ఒకే కుప్ప కనిపిస్తుంది గానీ మందు ఒకటి కాదు. ఇళ్లవాళ్లతో మాట్లాడవచ్చు. చెత్త పోసే మూలన శుభ్రం చేసి ముగ్గు వేయడం మన నగరంలో పారిశుద్ధ్య సిబ్బంది ఎప్పటినుంచో చేస్తున్నదే. నవ్వుతారు గానీ ముగ్గు మీద చెత్త పోయడానికి చాలామందికి చేతులు రావు. ఆటోవాడు ముగ్గుకు లొంగడు. అక్కడ దీపం వెలగాలి, బండి నంబరు మన చేతిలో ఉండాలి.

వ్యాఖ్యాత: మురుగు సంగతి చెప్పండి. మామూలు మనుషులు దాన్ని ఎలా పట్టుకుంటారు?

టీచర్: నడవాలి, అంతే. ఊరంతా స్నానాలు చేసే వేళ, ఆరున్నరకూ ఎనిమిదికీ మధ్య, నీళ్లకు ఎదురుగా నడవాలి. గోడలోంచి పొడుచుకువచ్చిన ప్రతి పైపునూ చూడాలి. వారం రోజులుగా వాన లేదనుకోండి, ఆ పైపు కారకూడదు. తెల్లగా నురగతో కారితే బట్టల నీళ్లు. బూడిద రంగులో వాసనతో వస్తే మరుగుదొడ్డి కలిసిందని అర్థం. నీళ్లు నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంటే అక్కడ ఆక్సిజన్ అయిపోయింది, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతోంది.

వ్యాఖ్యాత: మాది వాన నీటి పైపే అని వాదిస్తే?

టీచర్: వాదించారు! ఒక అపార్ట్‌మెంట్, పేరు వద్దులే. మేడ మీది వాన నీళ్లు తప్ప ఇంకేమీ రావని సంఘం అధ్యక్షుడు ఒట్టు వేసినంత పని చేశారు. ఆ భవనంలో ఉండే అమ్మాయి ఒకతె మా బృందంలోనే ఉంది. వాళ్ల స్నానాల గదిలో మిఠాయి రంగు కలిపిన బకెట్ నీళ్లు పోసింది. మేము గట్టు మీద నిలబడి చూస్తున్నాం. కాసేపటికి ఆ పైపులోంచి గులాబీ రంగు ధార! ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. ఆ పైన వాదన లేదు. ప్లంబర్‌ను పిలిపించి లైను మార్పించారు.

వ్యాఖ్యాత: అందరూ అంత తొందరగా దారికి రారు కదా. ఫిర్యాదు ఎవరికి చేయాలి?

టీచర్: అన్నీ కలిపి ఒకే అర్జీ రాస్తే ఎవరికి వారు మాది కాదంటారు. విడగొట్టాలి. మురుగు పైపు, పొంగే మ్యాన్‌హోల్ అయితే జలమండలికి, ఫోను నంబరు 155313. చెత్త, పూడిక నగరపాలక సంస్థకు. రసాయనాల వాసన వస్తే కాలుష్య నియంత్రణ మండలికి. ఆక్రమణ అయితే చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించడానికి 2024లో వచ్చిన హైడ్రా సంస్థకు. ఫొటో మీద తేదీ ఉండాలి, పక్కనున్న కరెంటు స్తంభం నంబరు రాయాలి. ఆక్రమణ అనే ముందు టేపు పెట్టి కొలవండి. 2012 భవన నిబంధనల ప్రకారం పది మీటర్ల కంటే వెడల్పైన నాలాకు అంచు నుంచి తొమ్మిది మీటర్లు వదలాలి, అంతకు తక్కువైతే రెండు మీటర్లు. కొలిచి మాట్లాడితే ఎదుటివాళ్ల గొంతు తగ్గుతుంది.

వ్యాఖ్యాత: మొన్న నల్లకుంట వంతెన మీద నుంచి చూస్తే నాలాలో కొంగలు, ఎర్ర కాళ్ల పిట్టలు కనిపించాయి. నీళ్లు కాస్త మెరుగుపడ్డట్టేనా?

టీచర్: సంబరపడకండి. ఆ ఎర్ర కాళ్ల పిట్టలకు మురికి నీళ్లంటే పండగ. బురదలో దోమల్లాంటి పురుగుల పిల్లలు ఎర్రగా, దారప్పోగుల్లా ఉంటాయి. ఆక్సిజన్ దాదాపు లేని చోట కూడా అవి బతుకుతాయి, పిట్టలు వాటికోసమే వస్తాయి. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. దాన్ని పరీక్షించే చిన్న కిట్టు పెట్టె దొరుకుతుంది. నెలనెలా అదే చోట, అదే వేళకు చూసి పుస్తకంలో రాయాలి. పిట్టల ఫొటోలకంటే ఆ పుస్తకానికే నేను విలువ ఇస్తాను.

వ్యాఖ్యాత: 2020 అక్టోబరు వరదల తర్వాత నాలాలకు కాంక్రీటు గోడలు కడుతున్నారు. మంచిదేనా?

టీచర్: ఇళ్లు అంచుదాకా వచ్చినచోట గోడ లేకపోతే మనుషులు పోతారు. అక్కడ నేను అడ్డు చెప్పను. అడుగున కూడా కాంక్రీటు పోస్తేనే నాకు బాధ. నీరు ఇంకదు, వేగంగా పోయి కిందివాళ్ల మీద పడుతుంది. అంబర్‌పేటలో బతుకమ్మకుంట చూడండి. చెత్తతో, మట్టితో పూడిపోయింది. 2025లో తవ్వితే కింద నీళ్లు ఊరాయి. నేల అడుగున దారి ఇంకా ఉందనేగా! ఈ నాలా నీళ్లు మూసీలో కలిశాక అక్కడితో ఆగవు. దిగువన ఒడ్డున ఆ మూసీ నీళ్లతోనే పారాగడ్డి పెంచి గేదెలకు వేస్తారు. ఆ పాలు మళ్లీ మన ఇళ్లకే వస్తాయి.

వ్యాఖ్యాత: ఈ ఆదివారం రావాలనుకునేవాళ్లు ఏమి తెచ్చుకోవాలి?

టీచర్: మోకాళ్లదాకా గమ్ బూట్లు, మందపాటి చేతితొడుగులు. టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. కాలికి పుండు ఉంటే గట్టు దిగవద్దు, ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. మ్యాన్‌హోల్ మూత ఎవరూ ఎత్తకూడదు, లోపలి విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. వాన పడితే రద్దు.

వ్యాఖ్యాత: పిల్లలను తీసుకురావచ్చా?

టీచర్: తీసుకురండి, కానీ గట్టు కిందికి పంపము. పుస్తకంలో అంకెలు వాళ్లే రాస్తారు. పెద్దవాళ్లు ఉజ్జాయింపుగా చెబితే వాళ్లు ఒప్పుకోరు, మళ్లీ చూడమంటారు.