బ్యాకప్ ఉంది సరే, తిరిగి లేవగలమా?

నమస్కారం. సంస్థల ఐటీ గురించి మాట్లాడేటప్పుడు భద్రతను ఒక విభాగంగా, స్టోరేజీని మరో విభాగంగా విడదీసి చూడటం మనకు అలవాటు. ఆ అలవాటుకు కాలం చెల్లిందని నేను ఎందుకు అనుకుంటున్నానో చెప్పడానికి, సాఫ్ట్‌వేర్ కోడ్‌ను ఆన్‌లైన్‌లో భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న జరిగిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను.

ఆ రాత్రి డేటాబేస్ నకలు సరిగా నడవక తంటాలు పడుతున్న ఒక ఇంజినీరు, నకలు ఉన్న సర్వర్‌లో ఇవ్వవలసిన తొలగింపు ఆదేశాన్ని అసలు సర్వర్‌లో ఇచ్చారు. క్షణాల్లోనే గ్రహించి ఆపారు గానీ, అప్పటికే సుమారు 300 జీబీ పోయింది. అసలు కథ ఆ తరువాతే ఉంది. రోజువారీ బ్యాకప్ కోసం వెతికితే అది లేనే లేదు, ఎందుకంటే డేటాబేస్ 9.6 వెర్షన్‌కు మారినా బ్యాకప్ తీసే సాధనం 9.2 వెర్షన్‌తోనే నడుస్తూ ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి తెలిపే ఈమెయిళ్లు వెళ్లకపోలేదు. అయితే వాటిపై సరైన డిజిటల్ సంతకం లేదని మెయిల్ సర్వర్ తిరస్కరించింది. చివరికి వారిని గట్టెక్కించింది, ఆరు గంటల ముందు మరో పని కోసం చేత్తో తీసి ఉంచిన ఒక స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే పట్టి ఉంచిన ప్రతి. ఈ వివరాలన్నిటినీ ఆ సంస్థే దాచకుండా ప్రకటించింది కనుక మనకు తెలిశాయి.

2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు లేచినప్పుడు, ఉద్యోగుల ఫైళ్లు దాచిన 858 టెరాబైట్ల జి-డ్రైవ్ కాలిపోయింది. పరిమాణం చాలా ఎక్కువ కాబట్టి బయట మరో ప్రతి ఉంచలేదని అధికారులు చెప్పారు. అంత ఎక్కువ ఉన్నందుకే కదా ఉంచవలసింది అని నాకైతే అనిపించింది.

పొరపాటుకూ అగ్నికీ మన మీద పగ ఉండదు. డేటాకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ వెనుక ఉన్నవారి తీరు వేరు. లోపలికి చొరబడ్డాక అడ్మిన్ పాస్‌వర్డ్ సంపాదించి, ముందుగా బ్యాకప్‌లను చెరిపివేసి, ఆ తరువాతే అసలు డేటాకు తాళం వేయడం వారి పద్ధతి. 2017 జూన్‌లో, రాన్సమ్‌వేర్ వేషంలో వచ్చిన నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రామ్ దాడికి గురైన మెర్స్క్ నౌకా సంస్థలో లాగిన్లన్నిటినీ నడిపించే డొమైన్ కంట్రోలర్లు ఒకదాని సమాచారాన్ని మరొకటి ఎప్పటికప్పుడు నకలు తీసుకుంటూ ఉండేవి కనుక, అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోతాయని ఎవరూ ఊహించలేదు. ఘానాలో కరెంటు పోయి ఆగి ఉన్న ఒకే ఒక్క సర్వర్ మాత్రం మిగిలింది. దాని ఆధారంతోనే మిగతా వ్యవస్థను నిలబెట్టారు.

ఘానా కరెంటు కోత అదృష్టవశాత్తు చేసిన పనిని ఇప్పుడు స్టోరేజీ పరికరాలు ఉద్దేశపూర్వకంగా చేస్తున్నాయి. గడువు తీరేదాకా ఎవరూ మార్చలేని, చెరపలేని ప్రతులను ఉంచుతున్నాయి. అమెజాన్ వారి క్లౌడ్ స్టోరేజీ సేవ ఎస్3లో 2018లో వచ్చిన ఆబ్జెక్ట్ లాక్ ఇలాంటిదే. అందులో కఠినమైన పద్ధతిని ఎంచుకుంటే ఖాతా యజమాని సైతం గడువుకు ముందు ఆ ప్రతిని తొలగించలేడు. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది: గడువును లెక్కించే గడియారాన్నే ముందుకు తిప్పగలిగితే తాళం దానంతట అదే ఊడిపోతుంది, కాబట్టి ఆ గడియారానికీ కాపలా అవసరమవుతుంది. ఇంకో మార్పు కూడా నాకు ఆసక్తిగా తోస్తుంది. ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మారిన డేటా కుదించడానికి లొంగదు కనుక, నిన్నటిదాకా సగానికి కుదించగలిగిన ఫైళ్లు ఈ రోజు హఠాత్తుగా కుదించడానికి లొంగకపోతే, దాడి మొదలైందని స్టోరేజీయే పసిగట్టగలుగుతోంది.

ఇక చాలా సంస్థలు వేయని లెక్క ఒకటుంది. వంద టెరాబైట్లను సెకనుకు 10 గిగాబిట్ల లింకు మీద, ఎక్కడా తగ్గని పూర్తి వేగంతో వెనక్కి తెచ్చినా 22 గంటలు పడుతుంది, ఆచరణలో అంతకన్నా ఎక్కువే అవుతుంది. 2021 మేలో రాన్సమ్‌వేర్ బారిన పడిన అమెరికా ఇంధన సరఫరా సంస్థ కలోనియల్ పైప్‌లైన్, దాడి చేసినవారికి సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించి తెచ్చుకున్న డీక్రిప్షన్ (తాళం విప్పే) సాధనం ఎంత నెమ్మదిగా నడిచిందంటే, చివరికి తమ బ్యాకప్‌ల మీదే ఆధారపడవలసి వచ్చింది. అందువల్ల ఏ వ్యవస్థ ముందు లేవాలో, దేనికి రెండు రోజులు ఆగవచ్చో వరుస ముందే రాసి పెట్టుకుని, దాని ప్రకారం నిజంగా రిస్టోర్ చేసి చూడాలి. ఎవరూ తెరవని పాత నకళ్లను తీసివేయడం ఇక్కడ ఖర్చు తగ్గించే పనిగానే మిగిలిపోదు. తేవలసిన బరువు తగ్గితే గంటలు కూడా తగ్గుతాయి.

తీసివేయడం అన్నాను గానీ, చెరపలేని ప్రతిలో ఉన్న ఒక వ్యక్తి సమాచారాన్ని తొలగించమని చట్టం అడిగితే ఏం చేయాలి? ఒక్కొక్కరి డేటాను ఒక్కో తాళంచెవితో ఎన్‌క్రిప్ట్ చేసి, తొలగించమన్నప్పుడు ఆ తాళంచెవిని నాశనం చేయడం ఇప్పుడున్న ఒక పరిష్కారం. మరి తాళంచెవుల గిడ్డంగికి బ్యాకప్ ఎలా తీయాలి? ప్రతి లేకపోతే ఒక్క ప్రమాదంతో మొత్తం డేటా చదవరానిదైపోతుంది. పాత ప్రతి ఎక్కడో మిగిలితే తొలగించామన్న మాట అబద్ధమవుతుంది. ఆ ఒక్క చోట ప్రతుల గడువును కొద్ది రోజులకు పరిమితం చేసుకోవడం తప్ప నాకు మరో దారి కనబడటం లేదు.