కాలువ గట్టున ఆపిన బాప్తిస్మాలు

సహోదరీ సహోదరులారా,

మార్కు సువార్త అయిదో అధ్యాయంలో యూదుల సమాజమందిరపు అధికారి యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది. యేసు ఆ ఇంటికే బయలుదేరాడు. దారిలో, పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ ఆయన వస్త్రాన్ని ముట్టుకుంది. ముట్టుకోగానే నయమైంది కాబట్టి ఇక ఆగవలసిన పని లేదు. అయినా ఆగి, ఎవరు ముట్టుకున్నారని అడిగి, ఆమె చెప్పుకున్నదంతా విన్నాడు. ఈలోగా పాప చనిపోయిందని కబురు వచ్చింది. యాయీరు స్థానంలో నేనుంటే ఆ ఆలస్యానికి మండిపడేవాణ్ణి.

ఆయన ఆమె కోసం ఆగాడు, యాయీరు ఇంటికీ వెళ్లాడు. మనం ఆగితే వెళ్లం, వెళ్తే ఆగం. అంతకన్నా ప్రమాదం ఇంకొకటుంది, కనికరాన్ని ఎరగా వాడుకోవడం.

ఆ ప్రమాదాన్ని పసిగట్టిన మనిషి ఒంగోలు చరిత్రలో ఉన్నాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. వచ్చిందే సువార్త కోసం. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. కుర్రతనంలో అమెరికాలో భూముల సర్వే చేసిన అనుభవం అక్కరకొచ్చింది. మాదిగపల్లెల నుంచి వేలమంది వచ్చి తవ్వారు, కూలి తీసుకున్నారు. బోధకులు వాళ్ల మధ్యే తిరిగి వాక్యం చెప్పారు. ఆశయాన్ని దాచుకోలేదు. కానీ బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్లకు మాత్రం, కరువు సాయం నడిచినంత కాలం, ఇవ్వనన్నాడు. సాయం ఆపాకే మొదలుపెట్టాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మనవాళ్లు ఆ అంకెనే గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ అంకెకు ముందు గడిచిన నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. మిషనరీ చేతికి అందివచ్చిన పంట అది, కోయకుండా నిలబడ్డాడు.

ఇక మన సంగతి. క్రిస్మస్ ముందు బియ్యం సంచులు పంచుతాం. వెనక సంఘం పేరుతో బ్యానరు. ముసలమ్మ చేతికి సంచి ఇచ్చి, ఫొటో సరిగా రాలేదని వెనక్కి తీసుకుని మళ్లీ ఇస్తాం. ఆమె కొంగు సర్దుకుని, ఎటు చూడమంటే అటు చూస్తుంది. ఆ ఫొటో దాతలకు వాట్సాప్‌లో వెళ్తుంది. దాతలకు లెక్క చెప్పవలసిందే. అందుకు పద్దు పుస్తకం చాలు, ఆమె ముఖం అక్కర్లేదు.

సంఘ పెద్దలకు నా మనవి: ఈ డిసెంబరులో బ్యానరు, కెమెరా వద్దు. బియ్యం ఇచ్చే చోట కూటాలకు రమ్మని పిలవవద్దు. సువార్త జనవరిలో చెబుదాం, చేతులూపుకుంటూ వెళ్లి. వినాలనిపించిన వాళ్లు కూర్చోబెడతారు. లేనివాళ్లు మంచినీళ్లిచ్చి పంపిస్తారు.