ఊరికి వెయ్యేళ్ళు, వరికి కాదు

(గ్రంథాలయ వారోత్సవాల్లో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముసురు పట్టినా వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేర్లన్నీ చదవమని కార్యదర్శిగారు చీటీ ఇచ్చారు. నాకిచ్చింది ఇరవై నిమిషాలు. అందులో ఒక తప్పు ఒప్పుకోవాలి. అందుకని చీటీ జేబులో పెట్టేస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ఊరి పేరు కియాంగన్. ఫిలిప్పీన్స్‌లో లుజాన్ దీవి ఉత్తర భాగంలో కార్డిల్లెరా కొండలు, వాటిలో ఇఫుగావో ప్రావిన్సు. మనీలాలో రాత్రి బస్సెక్కితే డాల్టన్ కనుమ దాటి, మగాట్ లోయలో బగబాగ్ దగ్గర ఎడమకు తిరిగి, తెల్లారేసరికి లగావే చేరుస్తుంది. అక్కణ్ణుంచి జీప్నీ, అంటే వాళ్ళ షేర్ జీపు. లాస్ బాన్యోస్‌లో వరి పరిశోధన సంస్థకు ట్రైనింగుకి వెళ్ళినప్పుడు, 1987 జూన్ నెలాఖర్లో రెండ్రోజులు సెలవు దొరికితే వెళ్ళాను.

పక్కనే నగకదాన్. మధ్యలో ఏరు, అటూ ఇటూ కొండంతా మెట్లు మెట్లుగా మళ్ళు. కొన్ని మంచం వాల్చేంత వెడల్పు కూడా ఉండవు. పైన అడవి. దాన్ని ముయోంగ్ అంటారు, ఏ కుటుంబం ముయోంగ్ ఆ కుటుంబం కాపాడుకుంటుంది. అడవి పట్టి ఉంచిన నీరు పై మడి నుంచి కింది మడికి దిగుతూ పోతుంది. ఇంజను లేదు, లస్కరు లేడు.

కోతలు నడుస్తున్నాయి. ఆ వరి పేరు తినావోన్, అంటే ఏడాదికోసారి పండేది. ఆడవాళ్ళు అరచేతిలో ఇమిడే కత్తితో ఒక్కో కంకీ కోసి కట్టలు కడుతున్నారు. ఒకావిడ హుద్‌హుద్ పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటున్నారు. మనం గోదావరి వాళ్ళం, ఊరుకుంటామా? ఎకరానికి ఎన్ని బస్తాలని అడిగాను. నా వెంట వచ్చిన కుర్రాడు వాళ్ళ భాషలో చెప్పగానే ఒక పెద్దావిడ నవ్వి, కత్తి నా చేతికిచ్చింది. కొడవలి అలవాటైన చెయ్యి కదా, దుబ్బు పిడికిట పట్టి లాగాను. గింజలన్నీ మళ్ళో రాలాయి. ఆవిడ ఏమీ అనలేదు. కత్తి వెనక్కి తీసుకుని, వంగి, బురదలోంచి ఒక్కో గింజా ఏరి ఒళ్ళో వేసుకుంది. అప్పటికే ముప్ఫై ఎకరాల ప్రదర్శన క్షేత్రం చూసే ఆఫీసర్ని నేను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం. చేమదుంపలు ఉడకేసి పెట్టారు. నాకు దురద భయం. పక్కకి నెట్టాను. ఆవిడ మళ్ళీ పెట్టింది. మళ్ళీ నెట్టాను. అన్నం మాత్రం మారు వడ్డించుకున్నాను. నోట్‌బుక్కులో వరి గురించి ఏడు పేజీలు రాశాను. దుంప గురించి ఒక్క ముక్క లేదు. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఆ ఏడు పేజీల్లో మొదటి వాక్యం: ‘ఈ మళ్ళ వయసు రెండు వేల ఏళ్ళు.’ ఇదే హాల్లో మూడుసార్లు చెప్పాను కూడా. ఎక్కడిదీ లెక్క? హెన్రీ ఓట్లీ బేయర్, రాయ్ బార్టన్ అని ఇద్దరు అమెరికన్ పరిశోధకులు పోయిన శతాబ్దంలో వేసిన అంచనా. ఇన్ని గట్లు పోయాలంటే వేల ఏళ్ళు పట్టి ఉంటుందన్నారు. తవ్వి చూసి చెప్పింది కాదు. తర్వాత పురావస్తు పరిశోధకుడు స్టీఫెన్ అకబాడో బృందం పాత కియాంగన్ ఊరున్న చోట తవ్వింది. ఊరు సుమారు వెయ్యేళ్ళ నాటిదే. కానీ పాత పొరల్లో వరి జాడ లేదు. మళ్ళలో వరి పదిహేడో శతాబ్దం నుంచే కనబడుతోంది. మరి అంతకుముందు కుండలకు అంటుకుని ఉన్నదేమిటనుకున్నారు? చేమదుంప!

1571లో స్పెయిన్ వాళ్ళు మనీలా పట్టుకున్నారు. మగాట్ లోయ మీదికి వాళ్ళు రావడంతో పల్లపు జనం కొండెక్కారని అకబాడో చెప్పే కథ. కొండ మీద నిలబడాలంటే పదిమంది కలవాలి, పదిమందికీ తిండి కావాలి. అప్పుడు దుంప మళ్ళు వరి మళ్ళయ్యాయి. మూడు వందల ఏళ్ళకు పైగా ఆ దేశాన్ని ఏలిన స్పెయిన్‌కి ఈ కొండలు గట్టిగా చిక్కనే లేదు.

ఈ మాట చెప్పినందుకు నా స్నేహితుడొకాయన దెబ్బలాడాడు, రెండు వేలని నాలుగు వందలు చేసి వాళ్ళని చిన్నబుచ్చావని. చిన్నబుచ్చడం ఎలా అయింది? తీరిగ్గా రెండు వేల ఏళ్ళు కొండ చెక్కడం గొప్పా, శత్రువు గుమ్మంలో ఉండగా పది పదిహేను తరాల్లో చెక్కడం గొప్పా? వెనక బెంచీ వాళ్ళు చెప్పండి, ముందువాళ్ళు మొహమాటపడుతున్నారు.

కాగితం మీద ఇంకా ఉంది. 1945 సెప్టెంబరు 2న జపాన్ జనరల్ యమషిత లొంగిపోయింది ఆ ఊళ్ళోనే. నగకదాన్ మళ్ళు 1995లో యునెస్కో జాబితాకెక్కాయి. మొత్తం ఆ మళ్ళన్నీ 2001లో ప్రమాదంలో ఉన్నవాటిలో చేరి, 2012లో బయటపడ్డాయి. గంట కొట్టకండి మాస్టారూ, తప్పు ఒప్పుకోవడం ఇంకా కాలేదు.

2004లో ఇక్కడే పిల్లలకి క్విజ్ పెట్టాం. ప్రశ్న నాదే. ‘రెండు వేలు’ అన్న కుర్రాడికి స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చాం. ఒక అమ్మాయి లేచి, ‘ఎవరన్నా తవ్వి చూశారా సార్?’ అంది. ప్రశ్నకు ప్రశ్న జవాబా అని కూర్చోబెట్టాను. రెండు జడలు, ఎడం చేతికి కట్టు. పేరు గుర్తు లేదు. ఈ ఊరి పిల్లే కాబట్టి మీలో ఎవరికో మేనకోడలో, తోడికోడలో అయి ఉంటుంది. కనుక్కుని చెప్పండి. డబ్బా కొన్నాను, సంచిలో ఉంది.