మీటరు టిక్కుమంటే యురేనియం గని ఉన్నట్టేనా?

[టేబుల్ మీద టెక్కలి నీలి గ్రానైట్ పలక. దాని మీద రేడియేషన్ మీటరు.]

వింటున్నారా? టిక్... టిక్... ఇంతే. ఈ చప్పుడు రికార్డు చేసి, "టెక్కలి కొండల్లో యురేనియం ఉంది, దాచేస్తున్నారు" అని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఈ మీటరు ఉత్త గాల్లో పట్టుకున్నా టిక్కుమంటుంది. మామూలు గ్రానైట్‌లో టన్నుకు సుమారు 4 గ్రాముల యురేనియం ఉంటుంది. రాయిలో ఉండే పొటాషియం, థోరియం కూడా కిరణాలు వదులుతాయి, మోతలో వాటి వాటా కూడా ఉంటుంది. 4 గ్రాముల కోసం టన్ను రాయిని పిండి చేస్తే కరెంటు బిల్లు కూడా గిట్టదు.

నమీబియాలోని రాసింగ్‌లో 1976 నుంచి యురేనియం కోసం గ్రానైట్ జాతి రాయినే తవ్వుతున్నారు, నిజమే. కానీ అలాంటి చోట్లు అరుదు. చాలాచోట్ల గ్రానైట్ గని కాదు, బస్సు ఎక్కే ఊరు.

పాలకొండ నుంచి శ్రీకాకుళం వచ్చే పల్లెవెలుగు అనుకోండి. ఒక్కో ఊళ్లో ఒకరో ఇద్దరో ఎక్కుతారు. వాన నీరే ఆ బస్సు, ఆక్సిజన్ టికెట్టు. ఆక్సిజన్ అందితేనే యురేనియం నీళ్లలో కరిగి ప్రయాణం చేస్తుంది. గ్రానైట్ పగుళ్లలోంచి అలా కొంచెం కొంచెంగా, లక్షల ఏళ్లు ఎక్కుతూనే ఉంటుంది.

మరి దిగేదెక్కడ? పాత నది దారిలో. నాగావళి, వంశధార ఈ రోజు పారే చోటే ఎప్పుడూ పారాయని ఎవరూ అనుకోవద్దు. నది దారి మార్చుకుంటే పాత దారి ఇసుకతో నిండి, పైన బంకమట్టి కప్పుకుని, భూమిలో ఉండిపోతుంది. ఆ ఇసుకలో నల్లబడిన కట్టె ముక్కలు, కుళ్లిన ఆకులు, బంగారంలా మెరిసే పైరైట్ గింజలు ఉంటాయి. ఇవి ఆక్సిజన్‌ను తినేస్తాయి. కండక్టర్ టికెట్టు లాక్కున్నట్టే! యురేనియం అక్కడే దిగిపోవాలి. ఊరికి ఒక్కరు చొప్పున ఎక్కినవాళ్లంతా ఒకే స్టాపులో దిగితే ఎంత జనం? అదే గని.

దక్షిణ ఆస్ట్రేలియాలోని బెవర్లీ గని ఇలాంటిదే. పక్కనున్న మౌంట్ పెయింటర్ గ్రానైట్లలో ఎక్కిన యురేనియం సుమారు వంద మీటర్ల లోతున్న పాత ఇసుకలో దిగింది. 1969లో కనిపెట్టారు.

ఇప్పుడు అసలు చిక్కు. మన మీటరుకు అందే గామా కిరణాలను పైన అర మీటరు మట్టి చాలు, దాదాపు ఆపేస్తుంది. వంద మీటర్ల కింద ఉన్నది పైన టిక్కుమనదు! అందుకే ముందు విమానంతో, విద్యుత్ పరీక్షలతో పాత నది ఎటు పోయిందో వెతుకుతారు. మీటరుది తర్వాతి వంతు.

[టైమ్ అయిపోతోంది, స్పీడుగా చెప్తా.]

బావుల నీళ్లలో యురేనియం, దాన్నుంచి పుట్టే రేడాన్ వాయువు ఎంతుందో చూస్తారు. తర్వాత బోరు వేసి, అందులోకి గామా మీటరు దించుతారు. ఇక్కడో మోసం ఉంది. గామా వచ్చేది ఎక్కువగా యురేనియం నుంచి కాదు, అది క్రమంగా విచ్ఛిన్నమవుతూ పోతే పుట్టే సంతానమైన బిస్మత్ నుంచి. తల్లి బస్సెక్కి వెళ్లిపోయినా పిల్లలు అక్కడే ఉండొచ్చు. కాబట్టి ఇసుకను ల్యాబ్‌లో పరీక్షించాల్సిందే.

తీయడం? బెవర్లీలో గొయ్యి తవ్వలేదు. ఆమ్లం, ఆక్సిజన్ ఇచ్చే రసాయనం కలిపిన నీళ్లు కిందికి పంపారు. దిగినవాళ్లకు మళ్లీ టికెట్టు ఇచ్చి బస్సెక్కించారన్నమాట.

భావనపాడు ఇసుకలో మోగేది మోనజైట్ అనే ఖనిజం, అందులో మోత పుట్టించేది ముఖ్యంగా థోరియం. దాని సంగతి వచ్చే వీడియోలో.